స్తంభానికి కట్టిన పిల్లవాడు: చిత్రకారుడు సెష్షూ జీవితం

మన స్టడీ హాలులో నల్లబల్లకు కుడిపక్క మేకుకు వేలాడే క్యాలెండరు బొమ్మను మీరందరూ చూసే ఉంటారు. విదేశంలో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకాయన తెచ్చి ఇచ్చారు. దాని సంవత్సరం ఎప్పుడో అయిపోయింది. తేదీలు చింపేసి బొమ్మ ఒక్కటే ఉంచాం. వంకర తిరిగిన పెద్ద దేవదారు చెట్టు, దాని కింద పొడుగు కాళ్ళ పక్షులు, ఇంకో పక్క మంచు కప్పిన కొండలు, మంచులోనే పూసిన చెట్టు కొమ్మ. కింద జపాను లిపిలో ఏదో రాసి ఉంటుంది. మాలో ఎవరికీ చదవడం రాదు. అందుకని దానికి కొంగల బొమ్మ అని పేరు పెట్టుకున్నాం.

ఈ వార్షికోత్సవ సంచికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాసివ్వమని మమ్మల్ని అడిగారు. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి, ఫూలే దంపతుల గురించి ప్రతి ఏడూ మనవాళ్ళు రాస్తున్నారు, ఈ ఏడూ రాస్తారు. మేము మాత్రం ఆ కొంగల బొమ్మ వేసినాయన గురించి రాస్తామన్నాం. కొందరు నవ్వారు. జపానువాడితో మనకేం పని అన్నారు. ఆయన కూడా చిన్నప్పుడే ఇల్లు వదిలి, నలుగురితోపాటు ఒకచోట ఉండి, గంట కొడితే లేచి గంట కొడితే తిని చదువుకున్నవాడే అని చెప్పాక ఆ నవ్వు ఆగింది.

ఆయన పేరు సెష్షూ. పుట్టినప్పటి పేరు అది కాదు. 1420లో, జపానులో అప్పుడు బిచ్చూ అని పిలిచే ప్రాంతంలో అకహామా అనే ఊళ్ళో పుట్టాడు. ఇప్పుడది ఒకాయామా జిల్లాలోని సోజా పట్టణం కిందికి వస్తుంది. చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ళు ఆయనను దగ్గరలోని హోఫుకుజి అనే బౌద్ధ మఠంలో చేర్చారు. ఆ రోజుల్లో చదువంటే మఠంలోనే. తిండి, బట్ట, అక్షరం మూడూ అక్కడే దొరికేవి. దానికి బదులుగా ఊడవాలి, నీళ్ళు మోయాలి, సూత్రాలు వల్లె వేయాలి. ట్రంకు పెట్టె పట్టుకుని నాన్నవెంట మొదటిసారి మన హాస్టల్ గేటు దాటిన రోజు మాలో ఎవరికీ మరుపు రాలేదు. ఆ పిల్లవాడి చేతిలో ఏ మూట ఉందో గాని, గేటు మాత్రం అలాంటిదే అయి ఉంటుంది.

ఇక జపానులో చిన్నపిల్లలందరికీ తెలిసిన కథ. అబ్బాయికి సూత్రాలు వల్లె వేయడం మీద ధ్యాస లేదు. ఎప్పుడు చూసినా బొమ్మలే. గురువుకు కోపం వచ్చి ఒకరోజు పొద్దున్నే తీసుకెళ్ళి హాలులోని స్తంభానికి కట్టేశాడు. సాయంత్రం పాపం అనిపించి విప్పుదామని వచ్చేసరికి పిల్లవాడి కాళ్ళ దగ్గర ఎలుక. తరమబోతే కదల్లేదు. వంగి చూస్తే అది బొమ్మ. చేతులు కట్టేసి ఉన్నాయి కదా, వాడు ఏడ్చిన కన్నీళ్ళు నేల మీద పడితే కాలి బొటనవేలితో ఆ తడితోనే ఎలుకను గీశాడు. ఆ రోజు నుంచి బొమ్మలు వేయవద్దని గురువు అనలేదట.

మాకు ఈ కథ ఎంత ఇష్టమో చెప్పలేం. మన బియ్యం గది ఎలుకలు తెలిసినవాళ్ళకు ఇంకా ఇష్టం. కాని ఒక మాట చెప్పాలి. ఈ కథను కానో ఐనో అనే చిత్రకారుడు తన చిత్రకారుల చరిత్రలో రాశాడు, ఆ పుస్తకం అచ్చయింది 1693లో. అంటే సెష్షూ పోయి 180 ఏళ్ళు దాటాక. కాబట్టి నిజంగా జరిగిందని ఎవరూ ప్రమాణం చేయలేరు. పిల్లవాణ్ణి కట్టేసిన పద్ధతిని మేము మెచ్చుకోవడమూ లేదు. కట్టేయడం వల్ల గొప్పవాడయ్యాడని కొందరు పెద్దలు ఈ కథకు అర్థం చెబుతారు. మాకలా తోచలేదు. విప్పడం వల్ల అయ్యాడు. తప్పు చేశానని గురువు ఒప్పుకుని ముడి విప్పడమే ఈ కథలో పెద్ద సంగతి అని మా అభిప్రాయం.

హోఫుకుజి నుంచి ఆయన రాజధాని క్యోటోకు, షోకోకుజి అనే పెద్ద మఠానికి చేరాడు. అక్కడ షున్రిన్ షూతో అనే ఆచార్యుని దగ్గర జెన్ బౌద్ధం నేర్చుకున్నాడు. ఆ మఠంలోనే షూబున్ అనే సన్యాసి ఉండేవాడు. నల్ల సిరాతో కొండలు, నదులు వేయడంలో ఆ కాలంలో ఆయనను మించినవాడు లేడు. సెష్షూకు చిత్రలేఖనంలో గురువు ఆయనే.

ఆ సిరా సంగతి తెలిస్తేగాని ఈ బొమ్మల గొప్పతనం తెలియదు. దీపం మసిని జిగురుతో కలిపి కడ్డీలాగ ఎండబెడతారు. సానరాయి మీద గంధం తీసినట్టు ఆ కడ్డీని నీళ్ళతో రాతిపలక మీద అరగదీస్తారు. నీళ్ళు తక్కువైతే కాటుక నలుపు, ఎక్కువైతే పొగమంచు. రంగులన్నీ ఆ ఒక్క నలుపులోనే ఉన్నట్టు. కుంచె కాగితాన్ని తాకితే ఇక అంతే. మన డ్రాయింగు పుస్తకంలోలాగా రబ్బరు పెట్టి చెరపడం కుదరదు. పొరపాటు పడితే కాగితం పోయినట్టే.

షోకోకుజిలో ఆయనకు దక్కిన పదవి వచ్చేపోయే అతిథులను చూసుకునే పని. పెద్ద పదవి కాదు. సుమారు 35 ఏళ్ళ వయసులో రాజధానిని వదిలి పడమటి దిక్కున దూరంగా ఉన్న యమగుచి పట్టణం వెళ్ళిపోయాడు. అక్కడ ఓఉచి వంశపు దొరలు పాలించేవారు. చీనాతో ఓడ వ్యాపారం చేసి బాగా కలిగినవారు, కళలంటే ప్రేమ గలవారు. వారి అండలో మేఘాల లోయ ఆశ్రమం అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిత్రశాల పెట్టుకున్నాడు. సెష్షూ అనే పేరు కూడా ఆ రోజుల్లోనే పెట్టుకున్నాడు. దాని అర్థం మంచు, పడవ.

1467లో చీనాకు రాయబారం ఓడలు బయలుదేరాయి. ఓఉచి వారి ఓడలో సెష్షూ ఎక్కాడు. అప్పటికి ఆయన వయసు 47. ఆ వయసులో మన ఊళ్ళలో మనుషులు కొడుకుల పెళ్ళిళ్ళు చేస్తుంటారు. ఈయన చదువుకోవడానికి సముద్రం దాటాడు. ఓడ నింగ్బో రేవులో దిగింది. ఆ దగ్గరి కొండల్లోని తియాంతోంగ్ మఠం జెన్ బౌద్ధులకు పుణ్యక్షేత్రం లాంటిది. అక్కడివారు ఆయనకు మొదటి ఆసనం అనే గౌరవం ఇచ్చారు. సొంత రాజధానిలో అతిథులను చూసుకునే పనిలో ఉన్నవాడికి పరదేశంలో మొదటి పీట. ఆ గౌరవాన్ని ఆయన మరిచిపోలేదు. ముసలితనంలో వేసిన బొమ్మల మీద కూడా తియాంతోంగ్ మొదటి ఆసనం సెష్షూ అని సంతకం చేసేవాడు. కొందరు దీన్ని గర్వం అంటారు. ఎన్నో ఏళ్ళు వెనక వరసలో కూర్చున్నవాడు ముందు వరసలో కూర్చున్న రోజును తలుచుకోవడం గర్వమైతే, కానివ్వండి.

నింగ్బో నుంచి బీజింగ్ దాకా వెళ్ళాడు. దారి పొడవునా కొండలు, పడవలు, కోటలు, మనుషులు, జంతువులు కనిపించినవన్నీ గీసుకున్నాడు. బీజింగులో ప్రభుత్వ భవనం ఒకదాని హాలు గోడ మీద ఆయన చేత బొమ్మ వేయించారని ఆయన మిత్రుడైన ర్యోషిన్ అనే సన్యాసి రాసిపెట్టాడు. చీనాలో ఉండగా వేసిన నాలుగు ఋతువుల కొండల బొమ్మలు నాలుగు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద సంతకంలో తన పేరు ముందు జపాను దేశపు జెన్ మనిషినని రాసుకున్నాడు. పరాయి దేశం వెళ్తే మనకూ ముందు ఊరి పేరే నోటికి వస్తుంది కదా.

చీనాలో ఆయన ఏం నేర్చుకున్నాడు? ఇక్కడ రెండు మాటలు ఉన్నాయి, రెండూ చెప్పడమే న్యాయం. ర్యోషిన్ రాసిన దాని ప్రకారం, ఆయన వెతుక్కుంటూ వెళ్ళిన స్థాయి గురువు అక్కడ దొరకలేదు, ఆ దేశపు కొండలు, నదులు, చెట్లు, పక్షులే ఆయనకు పాఠం చెప్పాయి. సెష్షూ తానే ముసలితనంలో రాసిన దానిలో మాత్రం, రంగులు వేయడం, సిరా చల్లడం నేర్చుకోవడానికి అక్కడి చిత్రకారులు ఇద్దరి పేర్లు చెప్పి, ఆ వెంటనే ఇంకో సంగతి రాశాడు. అంత దూరం వెళ్ళి చూశాక తన దేశంలోని పాత గురువులు జోసెత్సు, షూబున్ ఎంత గొప్పవారో తనకు తెలిసివచ్చిందని. పై చదువులకు హైదరాబాదు, ఢిల్లీ వెళ్ళిన మన అన్నలు ఊరి బడి పంతులుగారిని తలుచుకుని ఉత్తరం రాసినట్టు ఉంటుంది ఆ మాట.

ఆయన చీనాలో ఉన్న కాలంలో జపానులో పెద్ద యుద్ధం మొదలైంది. 1467 నుంచి 1477 దాకా పదకొండేళ్ళు క్యోటో వీధుల్లోనే దొరల సేనలు కొట్టుకున్నాయి. ఓనిన్ యుద్ధం అంటారు. మొదటి ఏడాదే షోకోకుజి మఠం తగలబడింది. 1469లో తిరిగి వచ్చేసరికి ఆయన చదువుకున్న చోటు బూడిద. రాజధానిలో స్థిరపడే ఆలోచన పెట్టుకోకుండా దక్షిణాన ఓయితా అనే చోట చిత్రశాల పెట్టాడు. అక్కడ పెద్దింటివారు, చిన్నింటివారు అనే తేడా లేకుండా అందరూ ఆయన బొమ్మ కావాలని వచ్చేవారట. తర్వాత చాలా ప్రాంతాలు తిరిగి మళ్ళీ యమగుచి చేరాడు.

ఆయన గొప్ప పనులన్నీ ఇక్కడి నుంచే. అంటే అరవై దాటాక.

1486లో కొండల నిడుపు చుట్ట ఒకటి వేశాడు. పొడవు సుమారు 16 మీటర్లు. మన భోజనాల హాలులో ఒక చివర నుంచి పరిచి చూద్దామని అడుగులు కొలిచాం, గోడ అడ్డం వచ్చింది. కుడి నుంచి ఎడమకు కొంచెం కొంచెం విప్పుతూ చూడాలి. వసంతంతో మొదలై మంచు కాలంతో ముగుస్తుంది. మధ్యలో రాళ్ళ దారులు, పడవలు, వంతెన, సంతలో జనం. నడిచే మనిషి వెంట మనమూ నడుస్తాం. చివర తేదీ వేసి, 67 ఏళ్ళ వయసులో వేశానని సంతకం చేశాడు. ఇప్పుడది యమగుచి జిల్లా హోఫు పట్టణంలోని మోరి మ్యూజియంలో ఉంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. 1420లో పుట్టినవాడికి 1486లో 67 ఎలా అవుతుందని లెక్కల్లో గట్టివాడు ఒకడు మమ్మల్ని అడిగాడు. ఆ కాలపు జపానులో పుట్టగానే ఒక ఏడు లెక్క. ఆయన పుట్టిన సంవత్సరం మనకు తెలిసింది కూడా ఈ సంతకాల వల్లే. మాలో సగంమందికి పుట్టినరోజు బడిలో చేర్చేటప్పుడు హెడ్‌మాస్టరు గారు వేసిన జూన్ తేదీ. ఆయన తన వయసును తానే బొమ్మల మీద రాసిపెట్టుకున్నాడు.

1495లో సోయెన్ అనే శిష్యుడు చదువు ముగించి తన ఊరికి వెళ్తూ, మీ దగ్గర నేర్చుకున్నానని చూపడానికి ఏదైనా ఇవ్వమని అడిగాడు. మన భాషలో చెప్పాలంటే సర్టిఫికెట్టు అడిగాడు. సెష్షూ సిరా చల్లి ఒక కొండ బొమ్మ వేసి ఇచ్చాడు. మొదట చూస్తే ఏమీ అర్థం కాదు. సిరా ఒలికిపోయినట్టు నాలుగు నల్ల మరకలు, వెనక పొగలాంటి బూడిద రంగు. కాసేపు చూస్తూ ఉండాలి. ముందు కొండ తేలుతుంది, తర్వాత చెట్లు, తర్వాత కింద ఇంటి కప్పు, దాని పక్క కల్లు దుకాణం జెండా, చివరికి నీటి మీద చిన్న పడవలో ఇద్దరు. ఒక్కొక్కటీ ఒకటి రెండు కుంచె దెబ్బలే. పాత గురువుల గురించి ఆయన రాసిన మాటలు ఈ బొమ్మ మీదనే ఉన్నాయి. సోయెన్ దాన్ని క్యోటో తీసుకెళితే ఆరుగురు పెద్ద సన్యాసులు పైన పద్యాలు రాశారు. శిష్యుడికిచ్చిన కాగితం ఇప్పుడు జాతీయ సంపద, టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది.

మరుసటి ఏడాది, 1496లో, బోధిధర్ముని బొమ్మ వేశాడు. బోధిధర్ముడు దక్షిణ భారతదేశం నుంచి చీనా వెళ్ళి జెన్ మార్గం చెప్పాడని బౌద్ధుల నమ్మకం. కంచి పల్లవ రాకుమారుడని కూడా అంటారు. గుహలో గోడవైపు తిరిగి కూర్చుని ఎవరితోనూ మాట్లాడడు. హుయికె అనేవాడు శిష్యుడిగా తీసుకొమ్మని బతిమాలి, వినకపోతే తన చెయ్యి నరికి చూపించి తన పట్టుదల తెలియజేస్తాడు. ఆ క్షణాన్నే సెష్షూ వేశాడు. నిలువెత్తు కంటే పెద్ద బొమ్మ. గురువు ఇంకా తిరగలేదు, శిష్యుడు ముఖం బిగబట్టి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. స్తంభం కథ నిజమో అబద్ధమో గాని, గురువు తనవైపు తిరగాలని ఎదురుచూసే పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో 77 ఏళ్ళ ముసలాయనకు బాగా గుర్తుందనిపించింది మాకు.

ఇక మన కొంగల బొమ్మ. అది అసలు గోడకు తగిలించే బొమ్మ కాదు. ఆసుపత్రిలో మంచానికి మంచానికి మధ్య పెట్టే మడత తెర లాంటిది, ఆరు మడతలవి రెండు. జపానులో పెద్ద ఇళ్ళలో గాలికి అడ్డంగా పెట్టేవారు. నాలుగు ఋతువుల పూలు, పక్షులు దాని విషయం. సెష్షూ పేరు చెప్పి ఇలాంటి తెరలు చాలా ఉన్నాయి గాని, ఆయన చేతితోనే వేసినట్టు ఎక్కువమంది పండితులు ఒప్పుకునేది ఈ జతనే. క్యోటో జాతీయ మ్యూజియంలో ఉంది. మసుదా అనే ఊరి దొరల ఇంట తరాలుగా ఉండేదని చెబుతారు.

కుడి తెరలో దేవదారు కింద ఉన్నవి కొంగలు కావు, అవి వేరే జాతి పెద్ద పక్షులు, మనం సారసాలు అంటామే ఆ కుటుంబం. జపానులో అవి దీర్ఘాయుష్షుకు గుర్తు. ఎడమ తెరలో మంచు మీద ఉన్నవి మాత్రం అచ్చంగా మన తెల్ల కొంగలే. దమ్ము చేసే ట్రాక్టరు వెనక వరసగా నడిచే కొంగలను చూసినవాళ్ళకు ఆ నడక కొత్త కాదు. కాబట్టి మేము పెట్టిన పేరు సగం సరిపోయింది. మామూలుగా పూలు పక్షులు అంటే ముద్దుగా వేస్తారు. ఈయన అలా వేయలేదు. చెట్టు మాను రాయిలాగ మొరటుగా, కొమ్మ విరిగిన ఎముకలాగ వంకరలు తిరిగి ఉంటుంది. కొండలు వేసే చేతితోనే పక్షులనూ వేశాడు. మంచు బరువుకు వంగిన చెట్టు కొమ్మ మీద పువ్వు పూస్తే, ఆ పువ్వు చిన్నదే అయినా కన్ను దాని మీదికే పోతుంది.

ఎనభై దాటాక కూడా ఆయన ఊరికే కూర్చోలేదు. ఉత్తర సముద్రతీరంలో అమనోహషిదతె అనే చోటు ఉంది. సముద్రం మధ్యగా మూడు కిలోమీటర్లకు పైగా సాగిన ఇసుక గట్టు, దాని నిండా చెట్లు. ఆ చోటును ఆకాశం నుంచి పక్షి చూసినట్టు పెద్ద బొమ్మ వేశాడు. చిన్న చిన్న కాగితాలు అతికించి వేశాడు కనుక ఇది తర్వాత పెద్దగా వేయడానికి తయారు చేసుకున్న చిత్తుప్రతి అని కొందరి అభిప్రాయం. అందులో 1501లో కట్టిన గోపురం కనిపిస్తుంది. అంటే ఆ బొమ్మ వేసేనాటికి ఆయనకు 80 దాటాయి. విమానం లేని రోజుల్లో, అంత పైనుంచి చూసినట్టు ఎలా వేశాడన్నది మా తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేదు.

జపాను ప్రభుత్వం జాతీయ సంపదగా ప్రకటించిన ఆయన చిత్రాలు ఆరు. ఒక్క చిత్రకారునికి ఇన్ని ఇంకెవరికీ లేవు. వంద ఏళ్ళ తర్వాత ఉంకోకు తోగన్, హసెగవా తోహకు అనే ఇద్దరు పెద్ద చిత్రకారులు ఆయనకు అసలు వారసుణ్ణి నేనంటే నేనని చెప్పుకున్నారు. 1956లో ప్రపంచ శాంతి మండలి ఆ ఏడాది స్మరించుకోవలసిన ప్రపంచ సాంస్కృతిక మూర్తులలో ఆయనను చేర్చింది. అదే జాబితాలో మన కాళిదాసు కూడా ఉన్నాడు.

ఆయన 1506లో పోయాడని ఎక్కువమంది చెబుతారు. ఎక్కడ పోయాడంటే మసుదా అని ఒకరు, యమగుచి అని ఒకరు. ఆయన వేసిన ఒక కొండ బొమ్మ మీద ర్యోఆన్ కేయిగో అనే వృద్ధ సన్యాసి 1507లో పద్యం రాశాడు. అదే బొమ్మ మీద అంతకుముందు పద్యం రాసిన మిత్రుడూ లేడు, బొమ్మ వేసిన సెష్షూ కూడా లేడు అని అందులో బాధపడ్డాడు. ఆయన మరణానికి మనకు దొరికే సాక్ష్యం అది.

చిన్నప్పుడు ఆయన చదువుకున్న హోఫుకుజి 1575లో ఇంకో యుద్ధంలో కాలిపోయింది. హాలు పోయింది, కథలోని స్తంభమూ పోయింది. ఇప్పుడున్న కట్టడాలు తర్వాత కట్టినవి. ఒక్క మూడంతస్తుల గోపురం మాత్రం మంటలకు దొరకలేదు. అది 1376లో కట్టినది, ఇప్పటికీ నిలబడి ఉంది. చీపురు పట్టుకుని ఆ వాకిలి ఊడ్చిన పిల్లవాడు తలెత్తితే కనిపించింది ఆ గోపురమే.